అల తర్వాతి ముక్క

హైదరాబాదు,
2 జులై 2001

మావయ్యకు,

ఫోను చేస్తే నువ్వు "బాగున్నాం, ఉంటాను" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. దేవత్తకూ అమ్మకూ చదివి వినిపించు.

నా పని బాగానే ఉంది. పెద్ద ఆర్టిస్టులు మొదటి బొమ్మా చివరి బొమ్మా వేసి ఇస్తారు. నడుమ వచ్చే బొమ్మలన్నీ మాలాంటివాళ్లం వేస్తాం. ఒక పిల్లి కుర్చీ దిగడానికి నాకో పూట పడుతుంది. పిల్లి ఎందుకు దిగుతుందో మాకు చెప్పరు. ఎక్కడో టీవీలో వస్తుందట.

శనివారాలు మా సీనియర్ మోహనకృష్ణగారు పాతకాలపు బొమ్మల సినిమాలు చూపిస్తారు. వెనకట హాళ్లలో అసలు ఆటకు ముందు వేసేవాళ్లే, ఆ పొట్టివి. ఒక్కొక్కరు ఒకటి తీసుకుని దాని బలాలు, లోపాలు రాస్తే ఆఫీసు పత్రికలో వేస్తామన్నారు. అందరూ పేరున్నవి ఎంచుకున్నారు. నేను మాత్రం మన పలాస హాల్లో నువ్వు వేసే పీతబొమ్మ గురించి రాస్తానన్నాను. దాని అసలు పేరేమిటని అడిగారు. పీతబొమ్మ అనే చెప్పాను. నవ్వారు.

ఆపరేటరుగా ఆ రీలు నీ చేతిలో ఇన్నేళ్లు తిరిగింది. హాలు మూసేశాక నువ్వే ఇంటికి తెచ్చుకున్నావని అమ్మ చెప్పింది. అందులో బాగున్నవేమిటో, లోపాలేమిటో నీకు తోచినట్టు రాయి.

నీ మేనకోడలు
రాణి


పలాస,
16 జులై 2001

రాణికి మావయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మీ అమ్మకు చదివాను. పిల్లి సంగతి విని, అంత చదువు చదివి పిల్లిని దింపుతున్నావా అంది. ఆమె జీడిపప్పు పనికి వెళ్లివస్తోంది. వద్దంటే వినదు. మన హాలు కూడా ఇప్పుడు జీడిపప్పు గోదామే. తెర ఉన్న గోడకు బస్తాలు ఆనించి పెట్టారు. ఒకసారి లోపలికి వెళ్లి చూసి వచ్చేశాను.

రీలు ట్రంకుపెట్టెలో ఉంది. లోపాలు అడిగావు కనుక తీసి చూశాను. మొదట పేరు పడే ముక్క లేదు. విశాఖపట్నం ఫిల్ము డిపో నుంచి వచ్చినప్పుడే లేదు. ఎడమ అంచున ఆకుపచ్చ గీత ఒకటి పొడుగునా ఉంటుంది. పీత పరుగెత్తేచోట సౌండు గరగరమంటుంది. నీలం రంగు చచ్చిపోయి ఎరుపు పైకి తేలింది. డబ్బా మూత తీస్తే పులిసిన గంజి వాసన. ఇంకో రెండు వానాకాలాలు ఆగదు.

బలం అంటే, ఫిల్ము గట్టిది. నా చేతిలో ఎప్పుడూ తెగలేదు.

ఇక్కడ వానలు లేవు. ఊడ్పులు ఆగిపోయాయి. వేళకు తిను.

లోకనాథం


హైదరాబాదు,
5 ఆగస్టు 2001

మావయ్యకు,

నీ ఉత్తరం ఆఫీసులో చదువుకుని నవ్వుకున్నాను. నేను అడిగింది రీలు లోపాలు కాదు, సినిమాలోవి. తప్పు నాదేలే, సరిగ్గా అడగలేదు.

నాకు గుర్తున్నంతవరకు కథ రాస్తాను, తేడా ఉంటే చెప్పు. మాటలు లేవు, వాయిద్యాలే. గడ్డం ముసలాడు పడవ వేసుకుని వేటకు వెళ్తాడు. పెళ్లాం గుమ్మంలో నిలబడి ఉంటుంది. పడవలో దొంగచాటుగా ఒక పీత ఎక్కి, గేలానికి గుచ్చే ఎరలన్నీ తినేస్తుంటుంది. ఇద్దరికీ తగువు. అంతలో ఆకాశం నల్లబడి, ఒక పెద్ద అల లేస్తుంది. లేచి, లేచి, తెరంతా నిండుతుంది. వెంటనే ముసలాడు ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని గంజి తాగుతుంటాడు. గంజిలోంచి పీత తల పైకెత్తుతుంది. అయిపోతుంది.

లోపాలు నేనే చెప్పగలను. పడవ పోతుంటే వెనక అవే మూడు రాళ్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ముసలాడి చేతులకు ఎముకల్లేవు. పెళ్లాం బొమ్మ ఒక్కటే గీసి, దాన్నే సినిమా అంతా నిలబెట్టేశారు. పని తగ్గించుకోవడానికి వేసిన ఎత్తు.

బలాలు రెండు. ఒకటి ఆ అల. నీళ్లకు బరువుంటుందని అది గీసినవాడికి తెలుసు. రెండోది, అల నుంచి ఇంటికి ఒక్క దూకు. ఎలా బతికాడో చెప్పడు. చెప్పకపోవడంలోనే ఉంది గొప్పతనమంతా. ఇంత ధైర్యం ఇప్పటివాళ్లకు కూడా లేదు. నా వ్యాసం దాని మీదే.

నీకేమనిపించేదో రాయి. అమ్మకేం నచ్చేదో కూడా అడుగు.

రాణి


పలాస,
27 ఆగస్టు 2001

రాణికి,

సినిమా వేసేవాడు సినిమా చూడడు. రీలు సగమవుతుంటే రెండో మిషన్లో దీపం వెలిగించే కార్బన్ కడ్డీలు చూసుకోవాలి. ఆ కాస్త సందులో కిటికీలోంచి చూస్తే కనిపించేది జనం. పీత ఎర ఎత్తుకుపోయినప్పుడల్లా నేల క్లాసు గోలగోలగా నవ్వేది. కుర్చీల వాళ్లు తర్వాత నవ్వేవారు. అసలు సినిమా ఎంత చెత్తదైనా ఈ బొమ్మ చూశాం కదా అని తిట్టకుండా వెళ్లిపోయేవారు. నాకు తెలిసిన బలం అదే.

కథ నువ్వు రాసింది సరిగానే ఉంది. అయితే అల నుంచి ఇంటికి వచ్చే చోటు గురించి మరీ ఎక్కువ రాయకు. అక్కడ రాయడానికేం లేదు. పీత గురించి రాసుకో.

మీ అమ్మను అడగలేదు. ఆమెకు ఇవన్నీ ఎందుకు?

దేవి పండుగప్ప చేపలు ఎండబెట్టింది. ఎవరైనా అటు వస్తుంటే పంపుతుంది.

లోకనాథం


హైదరాబాదు,
21 అక్టోబరు 2001

మావయ్యకు,

ఒక వింత జరిగింది. నేను కథ చెబుతుంటే మోహనకృష్ణగారు నన్ను ఆపి, తన దగ్గరున్న సీడీల్లో వెతికి ఒకటి పెట్టారు. మన పీతబొమ్మే. నీలం రంగు నీలంగానే ఉంది. ఆ ముసలాడి చొక్కా ఆకుపచ్చదని నాకిన్నాళ్లూ తెలియదు.

కానీ అల తర్వాత ఇల్లు రాలేదు. ముసలాడు నీళ్లలో పడ్డాడు. మునుగుతాడు, తేలతాడు, మళ్లీ మునుగుతాడు. నోట్లోంచి చేపలు వస్తాయి. టోపీ ఒక్కటే తేలుతుంటే పీత దాని మీదెక్కి కూర్చుంటుంది. చివరికి ఒక తిమింగలం ఊదిన నీళ్లమీద ఎగిరి, ఇంటి పొగగొట్టంలోంచి పొయ్యి దగ్గర పడతాడు. నాకు చప్పగా అనిపించింది. ఒకే హాస్యాన్ని సాగదీశారు. మునగడం ఒకసారి చాలు. మన ప్రింటులో ఈ భాగం లేకపోవడమే మంచిదైంది. అదే రాశాను. నువ్వు వద్దన్నది హాలు యజమానికి మాట వస్తుందేమోనని అనుకున్నాను. హాలు పేరు ఎక్కడా రాయలేదులే.

పత్రిక ఇందులో పెడుతున్నాను. గుర్తుపెట్టిన చోట చూడు: "మా ఊరి ప్రింటు ఎక్కడో తెగి ఉంటుంది. ఎవరో అజాగ్రత్త ఆపరేటరు పోయిన ముక్క కోసం వెతక్కుండా రెండు కొసలూ అతికించేశాడు. ఆ నిర్లక్ష్యమే సినిమాను కాపాడింది." ఈ మాట మా వాళ్లందరికీ నచ్చింది.

డిపోలో ఎవరో చేసి ఉంటారు కదా?

రాణి


హైదరాబాదు,
6 జనవరి 2002

మావయ్యకు,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఫోను చేస్తే దేవత్త తీసి, బయటకెళ్లాడంటుంది. ప్రతిసారీ బయటే ఎలా ఉంటావు?

నిన్న మన పక్కవీధి కామేశ్ ఇక్కడ కనిపించాడు. నిన్ను టెక్కలి ఆసుపత్రిలో చూశాడట, కిడ్నీ రోగుల రక్తపరీక్ష వరసలో. అతను మామూలుగానే చెప్పాడు. ఉద్దానంలో పుట్టినవాళ్లకు ఆ వరస అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. కాళ్లు వాస్తున్నాయా? నీళ్లు మార్చి తాగుతున్నారా? అమ్మకు తెలియకూడదనుకుంటే నాకైనా రాయి. నేను సెలవు పెట్టి వస్తాను.

రాణి


పలాస,
14 జనవరి 2002

రాణికి,

నాకు ఏమీ లేదు. పక్కింటి ఢిల్లీరావు తల్లి అప్పలమ్మను తీసుకెళ్లాను. అతనికి ఆరోజు డ్యూటీ. ఎలాగూ వచ్చాను కదా అని నా రక్తం కూడా తీశారు. బాగానే ఉందన్నారు. ఆమెకు కూడా ఇప్పటికి పరవాలేదు. సెలవు పెట్టకు.

నేను రాయకపోవడానికి కారణం నీ పత్రిక.

ఆ ఫిల్ము తెగలేదు. తెగలేదని నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. దాన్ని కత్తిరించింది నేను. అజాగ్రత్తగా కాదు. వాయిద్యం ఒక దెబ్బ కొట్టి ఆగే చోటు చూసి, ఇటు కొసా అటు కొసా గీకి అతికించాను. అంత మంచి అతుకు నేను మళ్లీ వేయలేదు. దాన్ని నువ్వు నిర్లక్ష్యమన్నావు. నీకు తెలియక రాశావని తెలుసు. అయినా చదివాక పెన్ను పట్టుకోవాలనిపించలేదు.

ఎందుకు కత్తిరించానో కూడా రాస్తాను. మీ అమ్మకు ఇది తెలియదు.

మీ నాన్న కన్నయ్య బావ పడవ అక్కుపల్లి ఒడ్డు నుంచి వేటకు వెళ్లి తిరిగి రాని ఏడు అది. నువ్వు చంకబిడ్డవి. మిమ్మల్నిద్దరినీ నేను పలాస తెచ్చేసుకున్నాను. మీ అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. కాస్త తేలికపడుతుందని దేవి ఆమెను హాలుకు తీసుకొచ్చింది. ముందు ఈ బొమ్మే వేస్తామన్న సంగతి నాకు గుర్తు రాలేదు. మిషను తిప్పేశాక గుర్తొచ్చింది. కిటికీలోంచి చూశాను. ముసలాడు మునుగుతున్నాడు. హాలంతా విరగబడి నవ్వుతున్నారు. మీ అమ్మ ఆడవాళ్ల బెంచీ మీంచి లేచి, నిన్ను చంకనేసుకుని బయటకు వెళ్లిపోయింది. మళ్లీ లోపలికి రాలేదు.

మర్నాడు ఆట మొదలుకాకముందే ఆ ముక్క తీసేశాను. యజమాని కనిపెట్టలేదు. జనం అడగలేదు. తర్వాత ఎప్పుడైనా ఆమె నీతోపాటు వచ్చి కూర్చున్నా నాకు గుండె దడ ఉండేది కాదు.

నీ వ్యాసంలో మిగతాదంతా బాగుంది. అల గురించి రాసింది మరీ బాగుంది.

లోకనాథం


హైదరాబాదు,
27 జనవరి 2002

మావయ్యకు,

నీ ఉత్తరం అందింది. ఆ వాక్యం తప్పని మోహనకృష్ణగారికి చెప్పాను. వచ్చే సంచికలో దిద్దుతామన్నారు. ఎందుకు కత్తిరించావో చెప్పలేదు. ఆపరేటరు కావాలనే, తెలిసి చేసిన పని అని మాత్రం చెప్పాను. ఆయన ఆ అతుకు చూడాలన్నారు.

నాన్న గురించి మన ఇంట్లో ఎవరూ మాట్లాడరెందుకో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. అడిగితే అమ్మ బాధపడుతుందని దేవత్త అనేది. అమ్మ బాధపడడం నేనెప్పుడూ చూడలేదు. మనం అడగకపోవడమే చూశాను.

పూర్తి సినిమా సీడీ పంపుతున్నాను. ఢిల్లీరావు బాబాయి ఇంట్లో ప్లేయరుంది కదా. అమ్మకు చూపించమని నేను అనను. ఇలా ఒకటి వచ్చిందని చెప్పు, ముక్క ఎందుకు తీశావో కూడా చెప్పు. చూడాలో వద్దో ఆమె చెబుతుంది. నువ్వు చెప్పలేనంటే సీడీ పెట్టెలో పెట్టేసేయ్, నేను ఏమీ అనుకోను.

రాణి


పలాస,
24 ఫిబ్రవరి 2002

రాణికి,

సీడీ వచ్చాక వారం రోజులు అలమారలోనే ఉంచాను. ఆ తర్వాత దేవి ఊరుకోలేదు. ఆదివారం మీ అమ్మ పనికి వెళ్లని పూట చూసి, నీకు రాసినట్టే ఆమెకూ చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతోంది. చేట పక్కన పెట్టి నా వైపు చూసింది.

"నాను ఏడిసి ఎల్లిపోనాననుకున్నావేటి?" అంది.

అవునన్నాను.

ఆరోజు నువ్వు ఆమె ఒళ్లోనే దొడ్డికి కూర్చున్నావట. చీరంతా పాడైతే కుళాయి దగ్గరకు వెళ్లిందట. కడుక్కునేసరికి నువ్వు నిద్రపోయావు. తడి చీరతో లోపలికి రావడానికి సిగ్గుపడి ఇంటికి వెళ్లిపోయిందట. అంతే. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు కనుక ఆమె చెప్పలేదు.

నేను, మరి అందరూ నవ్వుతుంటే నీకెలా అనిపించిందని అడిగాను. అలా అడగడం నాకు కష్టమైంది. చెప్పడం ఆమెకు కష్టం కాలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ఓడు తేలతాడని తెలిసే గదరా అందరూ నవ్వుతున్నారు. సచ్చిపోయీవోణ్ణి సూసి అంతమంది నవ్వరు. ఎలాగ తేలతాడో సూద్దామనుకున్నాను. ఈ పిల్ల సూడనిచ్చింది కాదు. ఇంకోపాలి వచ్చేను. అల లేసినాది, ఓడు ఇంట్లో గంజి తాగతన్నాడు. మద్దిన ఏటయ్యిందో సెప్పరేటి? ఎప్పుడొచ్చినా అదే."

ఆమె హాలుకు వచ్చినప్పుడల్లా ఆ ముక్క చూడ్డానికే వచ్చేదట. నేను మాత్రం ఆ ముక్క లేదు కనుకే వస్తోందనుకున్నాను.

నన్ను ఎందుకు అడగలేదంటే, సముద్రం మాట వస్తే నా మొహం మారిపోయేదట. నేను బాధపడతానని ఊరుకుందట. నేను ఆమె గురించి ఏం అనుకున్నానో, ఆమె నా గురించీ అదే అనుకుంది. దేవి పక్కనే ఉంది. ఇద్దరికీ బుద్ధి లేదంది.

సాయంత్రం ఢిల్లీరావు ఇంటికి వెళ్లాం. కరెంటు పోయి వచ్చాక పెట్టాడు. టీవీలో ఆ అల అంత ఎత్తు లేవలేదు, గోడంత తెర మీద చూసిన కంటికి ఆనలేదు. రంగులు బాగున్నాయి. మీ అమ్మ నేల మీద కూర్చుంది. నేను టీవీ చూడలేదు, పాత అలవాటు. ఆమెనే చూశాను. ముసలాడు మునుగుతుంటే ముందుకు వంగింది. తిమింగలం ఊదితే ఎగిరి పొగగొట్టంలో పడ్డాడు కదా, అప్పుడు వెనక్కి జరిగి కూర్చుని, ఇంకోసారి వెయ్యమంది. ఢిల్లీరావు మళ్లీ వేశాడు.

బయటకు వచ్చాక ఎలా ఉందని అడిగాను. తిమింగలం సంగతి అబద్ధమంది. అయినా ఏదో ఒకటి చెప్పారు కదా, చెప్పకుండా ఇంట్లో కూర్చోబెట్టేయడం కంటే నయమంది. నువ్వు బలమని రాసిందే ఆమెకు లోపం. ఈ మాట నీకు రాయమని ఆమే చెప్పింది. నీ వ్యాసం కూడా మొత్తం చదివించుకుంది. పెళ్లాం బొమ్మ దగ్గర మాత్రం నీ మాటకు ఒప్పుకుంది.

"నిజిమే గదా. ఆ ఆడమనిసికి ఇంట్లో పనీపాటా నేదేటి? పొద్దల్లా గుమ్మంలో నిలబడితే సాయంత్రానికి కూడెక్కడిది?"

తర్వాత అరుగు మీద కూర్చుని తనంతట తానే చెప్పింది. పడవ రాని రోజు ఆమె ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోందట. మబ్బు పట్టిందని వాటిని ఎత్తి గోతాల్లో పోసే తొందరలో ఉందట. ఎవరూ వచ్చి ఏమీ చెప్పలేదు. మిగతా పడవలు ఒడ్డు చేరడం చూసి, మన పడవా వచ్చే ఉంటుందనుకుని ఇంటికి వెళ్లి వంట చేసిందట. నేనూ, నువ్వూ ఆమెను గుమ్మంలో నిలబెట్టి ఊహించుకున్నాం. కనీసం నేను ఊహించుకున్నాను.

నువ్వు ఉత్తరంలో రాసింది గుర్తొచ్చి, కన్నయ్య బావ ఎలాంటివాడో రాణికి చెప్పేవాళ్లు లేరు, ఏదైనా చెప్పు రాస్తానన్నాను. బావతో నేను కలిసి ఉన్నది తక్కువ. కాగితం తెచ్చుకోమంది. తెచ్చుకున్నాను. ఆమె మాటల్లోనే ఇది:

"మీ అయ్యకి పాట రాదు గాని పడవలో పాడీవోడట, మనుసులు ఒద్దన్నా ఇనీవోడు కాదట. రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లొచ్చీవి, అయినా తినీవోడు. నువ్వు పుట్టినప్పుడు ఆడపిల్లని మా యత్త మూతి తిప్పితే, ఆమెకి ఆపూట సేప ఇవ్వనేదు. మీ అయ్యకి ఎడం సెవి ఇనపడదు. సిన్నప్పుడు జొరమొచ్చి పోనాదట. బయట ఎవులికీ సెప్పనిచ్చీవోడు కాడు. అందుకని నాను ఏ మాటన్నా గట్టిగా సెప్పడం అలవాటు సేసుకున్నాను. ఇప్పుడూ అలాగే వత్తది. జీడిపప్పుకాడ ఆడోలంతా నన్ను గయ్యాలంటారు."

రాణీ, ఇరవై ఏళ్లకు పైగా ఆమె నా ఇంట్లోనే ఉంది. గయ్యాళిదని నేనూ అనుకున్నాను.

లోకనాథం